అందినట్టు

నీలం సిరాతో రాసిన కాగితం, రెండు మడతలు.
ఎడమ పక్క రెండు వేళ్ల జాగా వదిలినారు.
వదలమని నేర్పింది నేనే,
కరువు పనుల కూలి ఎనిమిది వారాలు రానప్పుడు
కుందుర్పి మండలాఫీసు మెట్ల మీద కూచోని.
"ఫైల్లో కుట్టేటప్పుడు
మన మాట మీద సూది పడగూడదు" అన్నాను.
వన్నూరమ్మ నవ్వింది.
అప్పటికామెది ఇంకా వేలిముద్రే.

ఇప్పుడు మా శిశుకేంద్రంలో టీచరు.
పద్నాలుగేళ్లు.
ఆమెకిచ్చేదాన్ని మేము ఏనాడూ జీతం అనలేదు,
గౌరవ వేతనం అన్నాం.
నెలకు ఆరువేల ఐదొందల గౌరవం.
నాలుగు నెలలుగా అదీ లేదు.

ఒక ప్రాజెక్టు ముగిసి
ఇంకొకటి మొదలుకాని సందు ఒకటుంటుంది మా పనిలో.
నీటికుంటల నుంచి నేల సారానికి,
నేల సారం నుంచి నైపుణ్యాలకు
దాతలు మాట మార్చినప్పుడల్లా మేమూ బోర్డు మార్చినాం.
ప్రతిసారీ ఆ సందులో పడింది
వంట చేసే మాబున్ని,
జీపు నడిపే ఎర్రిస్వామి,
ఊరూరా తిరిగే తొమ్మిదిమంది కార్యకర్తలు.
నేను పడలేదు.
నా జీతం వేరే పద్దులో ఉంది, పాలనా ఖర్చులని.

కల్యాణదుర్గం ఆఫీసులో మీటింగు.
ఎప్పుడూ జంపఖానా మీద గుండ్రంగా కూచునేవాళ్లం.
పెద్దా చిన్నా ఉండగూడదని అదీ మేము పెట్టిన పద్ధతే.
ఈరోజు వాళ్లంతా ఒక వరసలో కూచున్నారు.
మిగిలిన జాగాలో డైరెక్టరు, నేను.

"మనమంతా ఒక కుటుంబం" అన్నాడాయన.
"ఇదేమన్నా ఫ్యాక్టరీనా?"
ఆయన మంచివాడు.
చేను అమ్మి ఈ ఆఫీసుకు మొదటి బాడుగ కట్టినోడు.
చెడ్డవాడైతే నాకు ఇంత కష్టముండేది కాదు.

మాబున్ని తల మీద కొంగు సర్దుకునింది.
"కుటుంబమంటాండారు గదా సార్.
మా ఇంట్లో అందరూ తిన్న్యాక
అడుగంటిన సంగటి తినేది నేనే.
ఈడ గూడా నేనేనా?"

కరెంటు పోయి గంటయింది.
కిటికీలోంచి చూస్తే కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి,
ఇక్కడి గాలితో
ఎక్కడికో కరెంటు పంపిస్తూ.

ఎర్రిస్వామి లేచి
జీపు తాళం తెచ్చి కాగితం పక్కన పెట్టినాడు.
కాసేపు దాన్నే చూసినాడు.
మళ్లీ తీసుకోని జేబులో వేసుకున్నాడు.
సాయంత్రం సెట్టూరు నుంచి బాలింతను తేవాలంట.
డీజిల్ బాకీ ఆయన పేరు మీదే ఉంది బంకులో.
డైరెక్టరు తల వంచుకున్నాడు.
ఇన్నేళ్లూ మేము నడిచింది
ఆ తాళం మళ్లీ జేబులోకి పోతుందనే ధైర్యంతోనే అని
ఇద్దరికీ ఒకేసారి తెలిసిందేమో.

కాగితం విప్పినాను.
మొదటి వాక్యం:
"మేము దానము అడగడము లేదు.
చేసిన పనికి రావలసినది అడుగుతున్నాము."
అది నా వాక్యం. మండలాఫీసుకు రాసిచ్చింది.
ఒక్క అక్షరం మారలేదు,
పై నుంచి మా చిరునామా తప్ప.

మూడో వరసలో "వేథనము" అని ఉంది.
అలవాటు, నా పెన్ను పోయి దిద్దింది.
దిద్దినాక చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

లెక్కల పుస్తకం తెప్పించినాను.
పాలనా ఖర్చుల పేజీ తెరిచి జంపఖానా మీద పెట్టినాను.
నా పేరు, ఎదురుగా అంకె.
ఎవరూ ఏమీ అనలేదు. గట్టిగా చదవనూ లేదు.
అంకె మీద మాబున్ని వేలు ఆగింది, అంతే.

అందరూ లేచినారు. వన్నూరమ్మ లేవలేదు.
సంచిలోంచి రెండో కాపీ తీసింది.
"అందినట్టు రాసియ్యండి సార్.
రాయించుకోకుండా ఏ ఆఫీసు మెట్లూ దిగొద్దని
మీరే గదా చెప్పింది."

మా ముద్ర మీద రెండు అరచేతులు, వాటిలో ఒక మొలక.
సిరా ఎండిపోయింది.
నోటి ఆవిరి పట్టి గట్టిగా ఒత్తినాను.
మొలక పడింది, చేతులు సగమే పడినాయి.
కింద సంతకం చేసినాను.

ఆమె కాగితం తీసుకోని
అక్షరం కింద వేలు పెట్టుకుంటా
పై నుంచి కిందికి నిదానంగా చదివింది.
నా పేరు దాటి వచ్చి ఆగింది.

"తేదీ ఎయ్యలేదు సార్."